డాట్ ఏఐ ఊళ్లో ఓట్లు

మొన్న హ్యాకథాన్ కోసం మా టీమ్ ఒక డొమైన్ కొన్నది. ప్రాజెక్టు ఏంటో చెప్పను, ఎందుకంటే అది రెండో రౌండ్ కూడా దాటలేదు. పేరు మాత్రం అదిరిపోవాలని నలుగురం పట్టుబట్టి డాట్ ఏఐ తీసుకున్నాం. డాట్ ఇన్ అయితే కొన్ని వందల్లో అయిపోయేది. డాట్ ఏఐ ఒక్క ఏడాదికి ఇవ్వరు, కనీసం రెండేళ్లకు కట్టాలి. మేం కొన్నప్పుడు రిజిస్ట్రీ ఫీజే 140 డాలర్లు ఉండేది. అంటే మన డబ్బులో పన్నెండు వేల పైనే, తలా మూడు వేలు. ఆ నెలంతా నేను మెస్ తిండి తప్ప ఇంకేమీ ముట్టలేదు.

కడుపు మండి, ఇంత డబ్బు ఎవరి జేబులోకి వెళ్తోందో చూద్దామని కూర్చున్నాను. ఏదో అమెరికా కంపెనీ పేరు వస్తుందనుకున్నా. వచ్చింది ఒక దీవి పేరు. ఆంగ్విల్లా. కరీబియన్ సముద్రంలో ఉంటుంది. వైశాల్యం 91 చదరపు కిలోమీటర్లు, జనం దాదాపు 16 వేలు. స్వతంత్ర దేశం కాదు, ఇప్పటికీ బ్రిటన్ కింద ఉన్న టెరిటరీ. ఇంటర్నెట్‌లో ప్రతి దేశానికీ, ప్రతి టెరిటరీకీ రెండక్షరాల కోడ్ ఇచ్చినప్పుడు దానికి ఏఐ వచ్చింది. అంతే. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇంకో తమాషా ఏంటంటే, ఆ రెండక్షరాలు అంతకుముందు ఇంకొకరివి. ఆఫ్రికాలో ఫ్రాన్స్ చేతిలో ఉన్న అఫార్, ఇస్సాల భూభాగానికి ఆ కోడ్ ఉండేది. 1977లో అది జిబూటీ అనే స్వతంత్ర దేశమయ్యాక అక్షరాలు ఖాళీ అయ్యాయి, తర్వాత ఆంగ్విల్లాకు దక్కాయి. జిబూటీ వాళ్లు ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఏమనుకుంటారో!

వెతుకుతూ ఉంటే అక్కడ 2025 ఫిబ్రవరి 26న జనరల్ ఎలక్షన్ జరిగిందని కనిపించింది. మా రూమ్‌లో చెప్పాను. ఒకడు మంచం మీద నుంచి లేవకుండానే, "పదహారు వేల మందికి జనరల్ ఎలక్షనా? మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఎలక్షన్ కూడా అంతే ఉంటుంది కదరా" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. తర్వాత రెండు మూడు రోజులు ఆ ఎన్నిక గురించి చదివాక ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెప్పడానికే ఇది రాస్తున్నా. (నేను చదివింది ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు తప్పితే క్లబ్ వాళ్లు దిద్దారు, దిద్దనివి వాళ్ల ఖాతాలో వేసుకోండి.)

ముందు డబ్బు లెక్క చూద్దాం, మనకు అదే తొందరగా అర్థమవుతుంది. 2020లో డాట్ ఏఐ పేర్లు యాభై వేల లోపే ఉండేవి. 2022 నవంబర్లో చాట్‌జీపీటీ వచ్చింది. అక్కడి నుంచి ఏఐ అని పేరు చివర తగిలించుకోని కంపెనీ లేదు. 2025 నాటికి పేర్లు ఎనిమిదిన్నర లక్షలు దాటాయి. 2024లో ఈ పేర్ల మీద ఆంగ్విల్లా ప్రభుత్వానికి వచ్చింది దాదాపు 3 కోట్ల 90 లక్షల డాలర్లు. ప్రభుత్వ మొత్తం ఆదాయంలో 23 శాతం. జనంతో భాగిస్తే తలకు 2400 డాలర్ల చిల్లర, అంటే మనిషికి రెండు లక్షల రూపాయలు. ఫ్యాక్టరీ లేదు, గని లేదు, చెమట లేదు. ఎవరో కాలిఫోర్నియాలో ఒక మోడల్ ట్రెయిన్ చేస్తే వీళ్ల ఖజానా నిండింది.

అలాంటి అదృష్టం పట్టినప్పుడు కుర్చీలో ఉన్న ప్రభుత్వం ఎన్నికలకు వెళ్తే ఏమవ్వాలి? నేనైతే కళ్లు మూసుకుని గెలుస్తుందంటాను. మన దగ్గర వానలు బాగా పడ్డ ఏడాది కూడా అది మా నాయకుడి పాదం మహిమ అని ఫ్లెక్సీలు కడతారు కదా.

ఓడిపోయింది. చిత్తుగా ఓడిపోయింది.

అక్కడి అసెంబ్లీలో జనం ఎన్నుకునే సీట్లు 11. ఏడు నియోజకవర్గాలకు ఒక్కొక్కటి, మిగతా నాలుగు దీవి మొత్తానికి కలిపి. అంటే ఓటరు తన నియోజకవర్గంలో ఒకరికి ఓటేస్తాడు, దీవి సీట్లకు నలుగురి దాకా వేయొచ్చు. ఈ దీవి సీట్లు 2020 ఎన్నికల నుంచే వచ్చాయి. ఆ 2020లో ఆంగ్విల్లా ప్రోగ్రెసివ్ మూవ్‌మెంట్ 7 సీట్లు గెలిచి ఎల్లిస్ వెబ్‌స్టర్ ప్రీమియర్ అయ్యాడు. ఆయన వృత్తి రీత్యా డాక్టరు. అప్పటిదాకా ప్రీమియర్‌గా ఉన్న విక్టర్ బ్యాంక్స్ తన సీటే పోగొట్టుకున్నాడు. అప్పుడు మంత్రి అయిన ఒకావిడ అంతకు రెండేళ్ల ముందు మిస్ యూనివర్స్ గ్రేట్ బ్రిటన్ కిరీటం గెలిచిన డీ-ఆన్ కెంటిష్-రోజర్స్. ఇది సీరియస్ వ్యాసానికి అవసరం లేదు, కానీ మీకు చెప్పకుండా ఉండలేకపోయాను. 2025కి వచ్చేసరికి అదే పార్టీ 7 నుంచి 3కి పడింది. ప్రతిపక్షంలో ఉన్న ఆంగ్విల్లా యునైటెడ్ ఫ్రంట్ 4 నుంచి 8కి ఎగబాకింది. దాని నాయకురాలు కోరా రిచర్డ్‌సన్-హాడ్జ్ ఆ దీవికి తొలి మహిళా ప్రీమియర్ అయ్యారు.

ఎందుకు ఓడించారో ఓటర్ల మనసులో దూరి నేను చూడలేదు. నాకు తోచింది చెప్తాను. ఆ ప్రభుత్వం 2022 జులైలో జీఎస్టీ తెచ్చింది, 13 శాతం. మనం జీఎస్టీ మీద మీమ్స్ వేసుకుంటాం. అక్కడ తిండి గింజల నుంచి సిమెంటు దాకా దాదాపు అన్నీ ఓడలో రావాల్సిందే. అలాంటి చోట కొత్త పన్ను అంటే కొట్టుకు వెళ్లిన ప్రతిసారీ జేబుకు తెలుస్తుంది. బిల్లు అసెంబ్లీకి వచ్చిన 2021లోనే జనం వీధుల్లోకి వచ్చి నిరసన చేశారు. డొమైన్ డబ్బు ప్రభుత్వ ఖాతాలో పడుతుంది, అది ఎవరికీ కనపడదు. పన్ను మాత్రం రసీదు మీద కనపడుతుంది. ఓటరు రసీదు చూసి ఓటేస్తాడు, బడ్జెట్ పీడీఎఫ్ చూసి కాదు. ఇది తెలివితక్కువతనం అని మా రూమ్‌మేట్ వాదన. "ఖజానాలో డబ్బులు రికార్డు లెవెల్లో ఉంటే మార్చడం ఏంట్రా" అంటాడు. నాకు మాత్రం సరిగ్గా ఇదే ఆరోగ్యంగా అనిపించింది. అదృష్టం వల్ల వచ్చిన డబ్బుకి ప్రభుత్వానికి థాంక్స్ చెప్పాల్సిన పనేముంది? కోడ్ ఇచ్చింది ఇంటర్నెట్ పెద్దలు, దాన్ని దశాబ్దాల పాటు నడిపింది 1994లో ఆ దీవికి వచ్చి స్థిరపడ్డ విన్స్ కేట్ అనే ప్రోగ్రామర్, గిరాకీ తెచ్చింది మనలాంటి పిచ్చోళ్లు. ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒక్కటే, ఆ డబ్బుతో ఏం చేశావు, నా మీద ఇంకా పన్ను ఎందుకు వేస్తున్నావు అని. వాళ్లు అడిగింది అదే అనుకుంటున్నా.

అదృష్టం డబ్బు ఎంత ప్రమాదమో పసిఫిక్‌లో నౌరూని చూస్తే తెలుస్తుంది. 21 చదరపు కిలోమీటర్ల దీవి. పక్షుల రెట్టలతో కాలక్రమంలో ఏర్పడ్డ ఫాస్ఫేట్ తవ్వి అమ్మి, 1970లలో ప్రపంచంలో తలసరి ఆదాయం బాగా ఎక్కువున్న చోట్లలో ఒకటైంది. ఫాస్ఫేట్ అయిపోయింది, డబ్బు ఆవిరైపోయింది. పెట్టిన పెట్టుబడుల్లో ఒకటి లండన్‌లో లియోనార్డో డావిన్సీ మీద తీసిన మ్యూజికల్ నాటకం. 1993లో వచ్చింది, ఆడలేదు. ఏఐ బుడగ రేపు పగిలితే ఈ పేర్లను ఎవరు రెన్యువల్ చేస్తారు? 2017 సెప్టెంబర్లో ఇర్మా తుఫాను ఆంగ్విల్లా ఇళ్లూ హోటళ్లూ ఊడ్చేసింది. ప్రభుత్వ ఆదాయంలో టూరిజం వాటా 37 శాతం, దానికి ఒక్క తుఫాను చాలు. అందుకే ఈ డొమైన్ డబ్బు ఉన్న నాలుగు రోజుల్లో దాన్ని ఎవరు ఖర్చుపెడతారు అన్నది అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రశ్న కాదు. లిఫ్ట్ రిపేరు వచ్చే నెలకి వాయిదా వేసుకోవచ్చు. దీనికి రెండో ఛాన్స్ ఉండకపోవచ్చు.

అసలు ఆ దీవికి సొంతంగా ఎలక్షన్ ఎలా వచ్చిందో చదివాక నేను పూర్తిగా పడిపోయాను.

1967లో బ్రిటన్ తన చిన్న కాలనీలను సర్దుకుంటూ సెయింట్ కిట్స్, నెవిస్, ఆంగ్విల్లా మూడింటినీ ఒకే యూనిట్‌గా కట్టింది. పెత్తనం అంతా సెయింట్ కిట్స్‌ది. కలిపేసి, పెద్దోడి చేతిలో పెట్టి, ఇక మీరూ మీరూ చూసుకోండి అంటే చిన్నవాళ్లకు ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, ఎటువైపు వాళ్లకైనా. ఆంగ్విల్లా వాళ్లు మే 30న సెయింట్ కిట్స్ పోలీసులను దీవి నుంచి పంపించేశారు. జులై 11న రిఫరెండం పెట్టుకున్నారు. విడిపోవాలని 1813 ఓట్లు, వద్దని 5. ఆ అయిదుగురు ఎవరో ఊరందరికీ తెలిసే ఉంటుంది, వాళ్ల ధైర్యానికి కూడా ఒక నమస్కారం.

ఇక్కడ నేను చిన్నప్పటి నుంచి చదివిన చరిత్ర పుస్తకం తిరగబడింది. వీళ్లు బ్రిటన్ పోవాలని తిరగబడలేదు. సెయింట్ కిట్స్ కింద ఉండటం కన్నా నేరుగా బ్రిటన్ కింద ఉండటమే మేలని తిరగబడ్డారు! మనకు ఇది మింగుడుపడదు. నాకూ మొదట చిరాకేసింది. బ్రిటన్ ఏం చేసింది? 1969 మార్చి 19న పారాట్రూపర్లనూ, లండన్ పోలీసులనూ ఓడల మీద పంపించి దీవిని 'ఆక్రమించింది'. తమ దగ్గరే ఉంటాం అంటున్న వాళ్ల మీదికి సైన్యం! ఒక్క ప్రాణం పోలేదు, ప్రపంచమంతా పేపర్లలో నవ్వుకుంది. ఇంకో పదకొండేళ్లు పట్టింది. 1980 డిసెంబర్ 19న ఆంగ్విల్లా అధికారికంగా వేరైంది.

అప్పుడు నాకు ఒకటి తట్టింది. 1967లో వాళ్లు విడిపోకపోయి ఉంటే, ఆ కోడ్ వాళ్లకు వచ్చేదే కాదు. సెయింట్ కిట్స్ కోడ్‌లో కలిసిపోయేవాళ్లు. మేం కట్టిన పన్నెండు వేలు, ఆ 3 కోట్ల 90 లక్షల డాలర్లు, ఇదంతా ఆ 1813 ఓట్ల కొసన వేలాడుతోంది. అప్పటికి ఇంటర్నెట్ లేదు, వాళ్లెవరూ డొమైన్ కోసం ఓటేయలేదు. మా మీద నిర్ణయాలు మేమే తీసుకుంటాం అని మాత్రమే వేశారు.

ఇది మరీ రొమాంటిక్‌గా ఉందనుకునేవాళ్ల కోసం ఇంకో రెండక్షరాలు. ఐఓ. మన సీనియర్ల పోర్ట్‌ఫోలియో సైట్లు సగం డాట్ ఐఓలే. ఇన్‌పుట్, అవుట్‌పుట్ అనుకుంటాం. అది బ్రిటిష్ ఇండియన్ ఓషన్ టెరిటరీ, హిందూ మహాసముద్రంలో మనకు దక్షిణాన ఉన్న చాగోస్ దీవులు. 1965లో వాటిని మారిషస్ నుంచి విడదీసి, డియెగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం కోసం 1968కీ 1973కీ మధ్య అక్కడి జనాన్ని మొత్తం ఖాళీ చేయించారు. పదిహేను వందల నుంచి రెండు వేల మంది. మారిషస్‌లోనో సీషెల్స్‌లోనో దింపేసి వెళ్లారు. వాళ్లను ఎవరూ ఓటు అడగలేదు. అక్కడ ఎలక్షన్ లేదు, ఎందుకంటే ఓటర్లే లేరు. 2025 మేలో ఆ దీవులను మారిషస్‌కు ఇస్తామని బ్రిటన్ ఒప్పందం మీద సంతకం పెట్టింది. అప్పుడు కూడా మాట్లాడుకున్నవి రెండు ప్రభుత్వాలు. మా సంగతి మమ్మల్ని అడగలేదని చాగోస్ వాళ్లలో చాలామంది అన్నారు.

రెండూ చిన్న దీవులే. రెండూ బ్రిటన్ చేతిలోవే. రెండిటి పేర్లూ మనం కార్డు గీకి కొంటాం. ఒకచోట జనం ప్రీమియర్‌ను దించి ఇంటికి పంపారు. ఇంకోచోట జనాన్నే ఓడలెక్కించి పంపారు. పదహారు వేల మందికి ఎలక్షన్ ఎందుకు అన్న మా రూమ్‌మేట్‌కి ఇది చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అయినా అసలు పవర్ గవర్నర్‌దే కదా" అన్నాడు. వాడు ఊరికే ఒప్పుకునే రకం కాదు.

కానీ ఆ పాయింట్ కరెక్టే, దాన్ని దాటేయడం మోసం అవుతుంది. రక్షణ, విదేశీ వ్యవహారాలు, పోలీసు వ్యవహారాలు లండన్ పంపే గవర్నర్ చేతిలో ఉంటాయి. అసెంబ్లీలో జనం ఎన్నుకోని ఇద్దరు అధికారులు పదవి రీత్యా కూర్చుంటారు. అప్పులు, బడ్జెట్ల మీద లండన్ కన్ను ఎప్పుడూ ఉంటుంది. వాళ్లకు బ్రిటిష్ పౌరసత్వం ఉంది, కానీ బ్రిటన్ పార్లమెంటులో వాళ్ల తరఫున ఒక్క ఎంపీ లేడు. అంటే వాళ్లు ఎన్నుకునేది సగం ప్రభుత్వాన్ని. 1967లో కోరుకున్నదానికి కట్టిన వెల ఇదేనేమో. నేను వాళ్ల స్థానంలో ఉంటే ఏం కోరుకునేవాణ్నో ఎంత ఆలోచించినా తేలలేదు. తుఫాను వచ్చిన ఏడాది బ్రిటన్ కావాలనిపిస్తుంది, పన్ను వేసిన ఏడాది వద్దనిపిస్తుంది.

ఆదివారం అమ్మమ్మ ఫోన్ చేస్తే ఈ కథంతా చెప్పాను. ఆవిడకు డొమైన్ అర్థం కాలేదు గానీ ఎలక్షన్ టక్కున అర్థమైంది. "పెద్ద ఓట్లు ఏముందిరా నాన్నా, టీవీలో చూసి వేసేస్తాం. పంచాయతీ ఓట్లే కష్టం. నిలబడ్డ ఇద్దరూ మన ఇంటికి భోజనానికి వచ్చినవాళ్లే ఉంటారు" అంది. దీవి మొత్తానికి పదివేల పైచిలుకు ఓటర్లు, పదకొండు సీట్లు. అంటే నిలబడ్డ మనిషి మీ మేనమామో, మీకు పాఠం చెప్పిన టీచరో, మీ పంటి డాక్టరో అయ్యే అవకాశం ఎక్కువ. ఓడించిన మర్నాడు అదే కొట్టు దగ్గర ఎదురుపడాలి. నేను ట్రంప్ ఎలక్షన్ రాత్రంతా మేల్కొని చూశాను, ఏ రాష్ట్రం ఎటు తిరిగిందో ఇప్పటికీ చెప్పగలను. అందులో నాకు ఎదురుపడేవాళ్లు ఎవరూ లేరు. చిన్న ఎలక్షన్ అని నవ్వడం తేలిక, ఎందుకంటే మనం చూసేవన్నీ మనకు సంబంధం లేనంత పెద్దవి.

ఇక నా సంగతి. 2024 మేలో మన దగ్గర ఓట్లు పడ్డప్పుడు నాకు పద్దెనిమిది నిండటానికి మూడు నెలలు తక్కువ. ఆ మూడు నెలల మీద బాగా సానుభూతి సంపాదించుకున్నాను. నిండాక ఏడాది దాటింది, ఇప్పటికీ ఓటరు లిస్టులో పేరు లేదు. అడిగితే 2029 దాకా టైముంది కదా అనేవాణ్ని. మధ్యలో పంచాయతీ ఓట్లు ఉంటాయన్న ఆలోచనే రాలేదు. మా ఊరి సర్పంచ్ పేరు కూడా నాకు తెలియదు. ఆంగ్విల్లా ప్రీమియర్ పేరు తెలుసు.

నిన్న రాత్రి ఫామ్ 6 తెరిచాను. ఆన్‌లైన్లోనే, మన డొమైన్ కొన్నంత సేపు కూడా పట్టదు. ఫోటో పెట్టాను, పుట్టిన తేదీ ధ్రువీకరణ పెట్టాను, ఇంట్లో వాళ్ల ఓటరు కార్డు నంబర్ కోసం నాన్నకు ఫోన్ చేశాను. ఆయన నంబర్ చదివి, "అడ్రస్ ఏది ఇస్తున్నావు, ఊరిదా, హాస్టల్‌దా?" అని అడిగారు. ఊరిదిస్తే ఓటు రోజు నేను అక్కడ ఉంటానో లేదో తెలియదు. హాస్టల్‌దిస్తే ఈ ఊళ్లో ఎవరు నిలబడతారో, ఏ వీధికి నీళ్లు రావో నాకేం తెలుసు? మూడేళ్లుగా గేటు బయట టీ కొట్టు దాటి చూసింది లేదు.

"రేపు చెప్తాను నాన్నా" అన్నాను. ఫామ్ అడ్రస్ కాలమ్ దగ్గర ఆగి ఉంది.